అంటు, అంటువ్యాధి, అంటరానితనం: నాలుగు భారతీయ కథనాలలో స్పర్శ

వ్యాససంగ్రహం

మానవ చరిత్ర గతిని మార్చిన ప్రాణాంతక అంటువ్యాధులలో కలరా, ప్లేగులకు భారతీయ కథాసాహిత్యంలో ప్రత్యేక స్థానం ఉంది. ఈ వ్యాధుల నేపథ్యంలో వచ్చిన రచనలను మరణభయానికీ, మానవతకూ సంబంధించిన కథలుగా చదవడం పరిపాటి. ఫకీర్‌మోహన్ సేనాపతి ‘రేవతి’ (ఒడియా), రవీంద్రనాథ్ టాగూర్ ‘చతురంగ’ (బంగ్లా), రాజిందర్ సింగ్ బేడీ ‘క్వారంటీన్’ (ఉర్దూ), యు.ఆర్. అనంతమూర్తి ‘సంస్కార’ (కన్నడ) అనే నాలుగు రచనలను ఈ వ్యాసం ‘అంటు’ అనే భావన ఆధారంగా పరిశీలిస్తుంది. రోగిని, శవాన్ని ఎవరు తాకారు, తాకినవారికి కథనంలో ఏ స్థానం దక్కింది అన్నవి ఇందులోని ప్రధాన ప్రశ్నలు.

కీలకపదాలు: అంటువ్యాధులు, ప్లేగు, కలరా, స్పర్శ, అస్పృశ్యత, కథకుడు, తులనాత్మక సాహిత్యం.

1. ఉపోద్ఘాతం

తెలుగులో ‘అంటు’ అనే మాటకు తాకడమనే అర్థం ఉంది. నిప్పు అంటుకుంటుంది, రంగు చేతికి అంటుతుంది, మామిడికి అంటు కడతారు. తిని వదిలిన పాత్రలు అంట్లు అవుతాయి. పురుడు, చావు వంటి సందర్భాలలో పాటించే మైలకు కూడా అంటు అనే పేరుంది. ఒకరి నుండి మరొకరికి సోకే జబ్బు అంటువ్యాధి, కొందరిని తాకకూడదనే సామాజిక నిషేధం అంటరానితనం. దేహధర్మానికి చెందిన మాట, ఆచారానికి చెందిన మాట, కులవ్యవస్థకు చెందిన మాట ఒకే ధాతువు నుండి పుట్టాయి. కన్నడంలోనూ అంటురోగం అనే మాట ఉంది. హిందీ, ఉర్దూలలో ‘ఛూత్’ అనే పదం రోగం సోకడానికీ, అస్పృశ్యతకూ వర్తిస్తుంది. బంగ్లాలో సోకే జబ్బును తెలిపే మాట తాకడం అనే అర్థమున్న పదం నుండే వచ్చింది.

ఈ భాషాసాక్ష్యాన్ని యాదృచ్ఛికమని తోసిపుచ్చడానికి వీలులేదు. వైద్యశాస్త్రం సూక్ష్మక్రిమిని గుర్తించడానికి ఎంతో ముందే, ఎవరిని ఎవరు తాకవచ్చో నిర్ణయించే పకడ్బందీ వ్యవస్థ ఈ దేశంలో ఉంది. మహమ్మారి వచ్చినప్పుడు ఆ భయం ఈ వ్యవస్థ మీదుగానే ప్రవహించింది. ఐరోపా సంప్రదాయంతో పోల్చినప్పుడు ఈ భేదం స్పష్టమవుతుంది. క్రీ.పూ. 430లో ఏథెన్స్‌ను కబళించిన వ్యాధి గురించి రాసిన థ్యుసిడిడీస్ గానీ, 1348 నాటి ఫ్లారెన్స్ ప్లేగును ‘డెకామెరాన్’ ఆరంభంలో వర్ణించిన బొకాచియో గానీ అయినవారే అయినవారిని వదిలివేయడాన్ని మానవ సంబంధాల పతనంగా చూపారు. అక్కడ దూరాన్ని వ్యాధి కొత్తగా సృష్టించింది. భారతీయ కథనాలలో దూరం ముందే ఉంది, వ్యాధి దాన్ని బయటపెట్టింది.

2. చారిత్రక నేపథ్యం

1817లో బెంగాల్‌లోని జెస్సోర్ ప్రాంతం నుండి విజృంభించిన కలరా కొన్నేళ్లలోనే ఆసియా అంతటా వ్యాపించింది. తెలుగునాట దీన్ని మరిడి అని, గత్తర అని పిలిచారు. మరిడమ్మ వంటి గ్రామదేవతల ఆరాధనలో ఆ భయపు ఆనవాళ్లు నేటికీ ఉన్నాయి. 1896లో బొంబాయిలో ప్లేగు బయటపడింది. తరువాతి రెండు మూడు దశాబ్దాలలో అది దేశంలో కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది.

బ్రిటిష్ ప్రభుత్వం 1897 ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టాన్ని తెచ్చింది. ఇళ్లను సోదా చేయడం, రోగులను బలవంతంగా ఆసుపత్రులకు, వారితో మెలిగినవారిని శిబిరాలకు తరలించడం, సామాన్లు తగలబెట్టడం నిత్యకృత్యాలయ్యాయి. పూనాలో సైనికులు ఇళ్లలోకి చొరబడడం, పరాయి పురుషులు స్త్రీల దేహాలను పరీక్షించడం తీవ్ర ఆగ్రహానికి దారితీసింది. 1897 జూన్ 22న ప్లేగు అధికారి వాల్టర్ రాండ్‌పై చాపేకర్ సోదరులు కాల్పులు జరిపారు. ఆ గాయాలతో ఆయన జులైలో మరణించాడు. రాజ్యం ప్రజల దేహాలను తాకిన తీరు ఇక్కడ రాజకీయ సమస్య అయింది.

అదే పూనాలో, అదే సంవత్సరం మార్చి 10న సావిత్రీబాయి ఫూలే ప్లేగుతో మరణించారు. దత్తపుత్రుడు యశ్వంత్ నడిపిన చికిత్సాలయంలో రోగులకు సేవ చేస్తూ ఆమె ఆ వ్యాధికి గురయ్యారు. ఒక నగరంలో ఒకే ఏడాది జరిగిన ఈ రెండు ఘటనలు స్పర్శకు ఉన్న రెండు ముఖాలను చూపుతాయి. సైనికుడి చేయి అధికారంతో తాకింది, సావిత్రీబాయి చేయి బాధ్యతతో తాకింది. జాతీయోద్యమ చరిత్రలో మొదటిదానికి లభించిన ప్రాచుర్యం రెండోదానికి చాలాకాలం లభించలేదు.

మరొక వైద్యసత్యాన్ని కూడా గమనించాలి. కలరా ప్రధానంగా కలుషిత జలం ద్వారా వ్యాపిస్తుందని 1854లో లండన్‌లో జాన్ స్నో నిరూపించే ప్రయత్నం చేశాడు. గడ్డలు కట్టే ప్లేగు ఎలుకల మీది గోమార్ల ద్వారా సోకుతుందని 1898లో పాల్ లూయీ సిమాండ్ ప్రతిపాదించాడు. ఊపిరితిత్తులకు సోకిన ప్లేగు శ్వాస ద్వారా మనిషి నుండి మనిషికి పాకుతుంది. ఏ విధంగా చూసినా ఈ రెండు వ్యాధులకూ మనిషి చర్మాన్ని తాకడం ప్రధాన వ్యాప్తిమార్గం కాదు. అయినా ఈ నాలుగు రచనల్లోని సమాజాలు నీటికన్నా, ఎలుకకన్నా మనిషినే ఎక్కువ అనుమానించాయి.

3. రేవతి: అక్షరమే అంటు

1898లో వెలువడిన ‘రేవతి’ (ఒడియా ఉచ్చారణలో రేబతి) ఆధునిక ఒడియా కథకు ఆద్యమైన రచనగా ప్రసిద్ధం. పాటపూర్ అనే పల్లెలో జమీందారు వద్ద లెక్కలు చూసే శ్యామబంధు తన కూతురు రేవతికి చదువు చెప్పించాలనుకుంటాడు. యువ ఉపాధ్యాయుడు వాసుదేవ్ ఆమెకు అక్షరాలు నేర్పుతాడు. ఆడపిల్లకు చదువు కీడని నాయనమ్మ నమ్మకం. ఊరికి కలరా వస్తుంది. తండ్రిని అది బలిగొంటుంది, తల్లి కూడా ఎంతోకాలం బతకదు. జమీందారు మనుషులు పశువులను తోలుకుపోతారు. ఆ ఇంటికి ఆసరాగా నిలిచిన వాసుదేవ్‌ను కూడా పొరుగూరికి వెళ్లినప్పుడు కలరా కబళిస్తుంది. చివరకు రేవతి, ఆమె వెనుకే నాయనమ్మ కన్నుమూస్తారు.

వరుస మరణాలకు నాయనమ్మ కారణం వెతుక్కుంటుంది. ఆమె దృష్టిలో ఆ కారణం రేవతి చదువు. మనుమరాలిని ఆమె పదేపదే నిందిస్తుంది. ఈ నిందను మూఢనమ్మకంగా మాత్రమే చదివితే కథ సగమే అర్థమవుతుంది. ఇక్కడ అక్షరం ‘అంటు’ స్థానంలోకి వచ్చింది. ఆడపిల్ల తాకకూడని వస్తువును తాకింది, ఆ దోషం ఇల్లంతా పాకింది అన్నది ముసలామె తర్కం. మైల పాకే క్రమాన్ని, రోగం పాకే క్రమాన్ని ఆమె ఒక్కటిగా చూసింది. జబ్బుకు శాస్త్రీయ కారణం ఆమెకు అందుబాటులో లేదు. నిషేధాల వ్యవస్థ మాత్రం చేతికి అందేంత దూరంలో ఉంది.

సేనాపతి వ్యంగ్యం ఆ ముసలామె దగ్గరే ఆగలేదు. కష్టకాలంలో ఊరు దూరంగా ఉంటుంది, జమీందారు బాకీ వసూలు చేసుకుంటాడు. వాసుదేవ్ పోయిన తరువాత రేవతిని విడవక మిగిలినది తిట్టే నాయనమ్మ ఒక్కతే. శపించే నోరు, అంటిపెట్టుకున్న చేతులు ఒకే మనిషివి కావడంలోనే కథలోని విషాదం ఉంది. ఆమెను కేవలం ఛాందసానికి ప్రతినిధిగా నిలిపే స్త్రీవిద్యావాద పఠనాలు ఈ రెండో పార్శ్వాన్ని తగినంతగా పట్టించుకోవు.

4. చతురంగ: తర్కం స్పర్శగా మారిన చోటు

1916లో పుస్తకంగా వచ్చిన ‘చతురంగ’ మొదటి భాగానికి కేంద్రం శచీశ్ పెదనాన్న జగమోహన్. ఆయన నాస్తికుడు. అత్యధికులకు అత్యధిక మేలు అన్న ఉపయోగితావాదాన్ని జీవితధర్మంగా స్వీకరించినవాడు. పొరుగునున్న తోలు పనివారిని, ముస్లింలను ఇంటికి పిలిచి భోజనం పెట్టి తమ్ముడు హరిమోహన్ ఆగ్రహానికి గురవుతాడు. కలకత్తాలో ప్లేగు వ్యాపించినప్పుడు జనం వ్యాధికన్నా, ఆసుపత్రికి ఈడ్చుకెళ్లే ప్రభుత్వ సిబ్బందికి ఎక్కువ భయపడతారు. హరిమోహన్ ఊరు విడిచి వెళతాడు. జగమోహన్ తన వాళ్లను వదిలి రాలేనని ఉండిపోతాడు, సొంత ఇంటిని ఆసుపత్రిగా మారుస్తాడు. అక్కడ చేరిన మొదటి రోగి ఒక ముస్లిం, అతడు మరణిస్తాడు. తరువాత జగమోహన్ వంతు వస్తుంది.

అంతవరకు వాదనలతో, చమత్కారాలతో సాగిన జగమోహన్ నాస్తికత్వం ప్లేగు సందర్భంలో దేహానుభవంగా మారింది. పంక్తిభోజనంలో అతడు కులపు అంటును ధిక్కరించాడు. ఆసుపత్రిలో రోగపు అంటును ధిక్కరించాడు. రెండు ధిక్కారాలనూ టాగూర్ ఒకే ఇంట్లో, ఒకే మనుషుల మధ్య జరిపించడం గమనించదగినది. భోజనం నాడు తాకగలిగినవాడే రోగం నాడు తాకగలిగాడు.

అయితే ఈ ఔన్నత్యానికి ఒక పరిమితి ఉంది. నవలను చెప్పేది శచీశ్ స్నేహితుడైన శ్రీవిలాస్ అనే విద్యావంతుడు. అతని చూపు జగమోహన్ మీద, శచీశ్ మీద నిలుస్తుంది. ఎవరి కోసం జగమోహన్ ప్రాణమిచ్చాడో ఆ తోలు పనివారిలో ఒక్కరూ పాత్రగా ఎదగరు. పెదనాన్న మరణానంతరం శచీశ్ లీలానందస్వామి భక్తిమార్గంలోకి వెళతాడు, నవల ఆధ్యాత్మిక, ప్రణయ సంఘర్షణల వైపు మళ్లుతుంది. ప్లేగు వాడ తెరమరుగవుతుంది. మహమ్మారి ఒక భద్రపురుషుడి నైతిక శిఖరాన్ని చూపే సందర్భంగా మిగిలిపోయింది.

5. క్వారంటీన్: సన్మానం ఎవరికి?

బేడీ తొలి సంపుటి ‘దానా ఓ దామ్’లోని ‘క్వారంటీన్’ ఈ పరిమితిని నేరుగా ఎదుర్కొన్న కథ. కథకుడు డాక్టర్ బక్షీ ప్లేగు క్వారంటీన్‌లో పనిచేస్తాడు. జనానికి ప్లేగుకన్నా క్వారంటీన్ అంటేనే ఎక్కువ భయమని అతడు మొదట్లోనే గుర్తిస్తాడు. వీధులూడ్చే భాగు క్రైస్తవం స్వీకరించి విలియం భాగు అయినవాడు. తెల్లవారకముందే లేచి కాస్త సారా తాగి, వీధుల్లో సున్నం చల్లుతాడు, శవాలను ఎత్తుతాడు, ఎవరూ దగ్గరికి రాని రోగులకు తోడుంటాడు. చనిపోయాడనుకుని మంటల పాలుచేసిన రోగి ఇంకా బతికే ఉన్నాడని గ్రహించి, చేతులు కాలుతున్నా అతణ్ణి బయటకు లాగుతాడు. భార్యను ప్లేగు తీసుకుపోయినా మళ్లీ పనిలోకి వస్తాడు.

డాక్టరు మాత్రం ఇంటికి రాగానే శుభ్రపరచుకుంటూ, ప్రతి చిన్న లక్షణానికీ భయపడుతూ గడుపుతాడు. వ్యాధి తగ్గాక నగరం అతణ్ణి సన్మానిస్తుంది. ప్రశంసలతో ఇల్లు చేరినవాణ్ణి అభినందించడానికి భాగు వస్తాడు.

ఈ కథ బలం కథకుడి ఎంపికలో ఉంది. బేడీ సర్వజ్ఞకథకుణ్ణి తీసుకుని భాగును కీర్తించి ఉంటే అది సేవకు నీరాజనంగా ముగిసేది. భయపడినవాడి నోటనే భయపడనివాడి కథ చెప్పించడం వల్ల ప్రతి ప్రశంసావాక్యం చెప్పేవాడి మీద అభియోగంగా మారింది. డాక్టరుకు తెలిసినది శాస్త్రం, జాగ్రత్త అతని వృత్తిధర్మంలో భాగం. కాబట్టి అతని భయాన్ని పిరికితనంగా కొట్టివేయడం సులువు కాదు. జాగ్రత్త పడే వెసులుబాటు అతనికి ఎక్కడి నుండి వచ్చింది అన్నది అసలు ప్రశ్న. ఆ వెసులుబాటు భాగు చేతుల మీదుగా వచ్చింది. ఒకరు దూరం పాటించాలంటే మరొకరు దగ్గరగా ఉండక తప్పదు. కులం ఆ దగ్గరితనాన్ని తరతరాలుగా ఒక వర్గానికి అప్పగించింది. మతం మారినా భాగు చేతిలోని చీపురు మారలేదు.

6. సంస్కార: కాలిపోయిన శవం చుట్టూ చర్చ

1965లో వచ్చిన ‘సంస్కార’లో సమస్య శవంతో మొదలవుతుంది. దుర్వాసపురం అగ్రహారంలో ఆచారాలను ధిక్కరించిన నారణప్ప శివమొగ్గ నుండి జ్వరంతో తిరిగివచ్చి మరణిస్తాడు. అతనికి దహనసంస్కారం ఎవరు చేయాలి? శవం లేచేవరకు అగ్రహారంలో భోజనాలు లేవు, పూజలు లేవు. శాస్త్రాలు చదివిన ప్రాణేశాచార్యులకు సమాధానం దొరకదు. నారణప్పతో సహజీవనం చేసిన చంద్రి తన నగలు ముందుపెట్టగానే బ్రాహ్మణుల వాదనల్లో లోభం కూడా చేరుతుంది. ఇళ్లలో ఎలుకలు చచ్చిపడుతున్నాయి, కప్పుల మీద రాబందులు వాలుతున్నాయి. శకునాలుగా వాటిని చదివినవారికి అవి వ్యాధిలక్షణాలుగా కనిపించవు. పత్రిక చదివే పారిజాతపురం మంజయ్యకు ప్లేగు అనుమానం కలుగుతుంది. ధర్మశాస్త్రం చెప్పలేనిది వార్తాపత్రిక చెప్పింది.

నిరీక్షించి విసిగిన చంద్రి బండివాణ్ణి అడుగుతుంది, అతడు బ్రాహ్మణుడి శవాన్ని తాకనంటాడు. నారణప్ప నుండి ఒకప్పుడు సాయం పొందిన చేపల వ్యాపారి అహ్మద్ బ్యారీ రాత్రికి రాత్రి శవాన్ని తరలించి దహనం చేస్తాడు. ఇది నవలలో చాలా తక్కువ చోటులో ముగుస్తుంది. ఆ సంగతి తెలియని అగ్రహారం కాలి బూడిదైన శవాన్ని గురించి తర్జనభర్జన కొనసాగిస్తుంది. నవల శీర్షికకు ఉన్న అంత్యక్రియ, సంస్కృతి అనే రెండు అర్థాలూ ఇక్కడ ఎదురెదురుగా నిలుస్తాయి. క్రియ చేసినవాడికి సంస్కారహక్కు లేదు, హక్కున్నవారు క్రియ చేయలేదు.

అగ్రహారం బయటి దళిత గుడిసెల్లోనూ అదే వ్యాధి మనుషులను చంపుతుంది. అక్కడ మృతులను గుడిసెతో సహా కాల్చివేస్తారు. శాస్త్రచర్చ ఉండదు. నారణప్ప శవానికి ఒక నవల అవసరమైతే ఈ శవాలకు కొన్ని పేరాలు సరిపోయాయి. ఈ అసమానతను అనంతమూర్తి ఉద్దేశపూర్వకంగానే చూపాడని వాదించవచ్చు. అగ్రహారపు చూపు ఎంత ఇరుకైనదో చెప్పడానికి అది ఉపకరిస్తుంది. కానీ నవల ఉత్తరార్ధం కూడా ప్రాణేశాచార్యుల అంతర్మథనాన్నే అనుసరిస్తుంది. విమర్శకు గురైన దృష్టే కథనానికి దారి చూపే దృష్టిగా కొనసాగింది.

ఈ నవలను 1970లో కన్నడ చలనచిత్రంగా మలచినది ‘ఫిడేలు రాగాల డజన్’ కవి తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి. సెన్సారు అభ్యంతరాలను దాటి ఆ చిత్రం జాతీయ ఉత్తమ చిత్రంగా ఎంపికైంది. ఛందోబంధాలను ధిక్కరించిన తెలుగు కవి ఆచారబంధాల కథను ఎంచుకోవడంలోని అన్వయం తెలుగు పరిశోధనలో ఇంకా విస్తృతంగా పరిశీలించవలసిన అంశం.

7. తులనాత్మక పరిశీలన

ఈ నాలుగు రచనలను పక్కపక్కన ఉంచినప్పుడు ఒక క్రమం కనిపిస్తుంది. ‘రేవతి’లో దోషం చదువుకున్న ఆడపిల్ల మీద పడింది. ‘చతురంగ’లో ఒక ఉన్నతవర్గ వ్యక్తి అంటును ధిక్కరించి ప్రాణమిచ్చాడు. ‘క్వారంటీన్’లో ఆ పని పుట్టుకతో మెడకు చుట్టుకున్నవాడు రంగం మీదికి వచ్చాడు. ‘సంస్కార’లో తాకే హక్కు, తాకే బాధ్యత, తాకే ధైర్యం ముగ్గురు వేర్వేరు మనుషుల మధ్య చీలిపోయాయి.

జగమోహన్‌ను, భాగును పోల్చడం ఇక్కడ ముఖ్యం. ఇద్దరూ ప్లేగు రోగులను తాకారు. జగమోహన్‌కు వెళ్లిపోయే అవకాశం ఉంది, అతడు ఉండిపోయాడు, కాబట్టి అది త్యాగమైంది. భాగు చేసినది ఉద్యోగధర్మాన్ని ఎంతగానో మించినదే అయినా లోకం దాన్ని అతని పనిగానే లెక్కగట్టింది. త్యాగమన్న పేరు దక్కాలంటే నిరాకరించే స్వేచ్ఛ ముందుగా ఉండాలి. ఆ స్వేచ్ఛ లేనివారి సాహసాన్ని సూచించడానికి సాహిత్యవిమర్శ వద్ద కూడా సరైన మాట లేదు. ‘సేవ’ అన్న పదం ఆ లోటును పూడ్చలేదు, కప్పిపుచ్చుతుంది.

రెండో అంశం కథకుడికి సంబంధించినది. సేనాపతి కథను సర్వసాక్షి అయిన కథకుడు, టాగూర్ నవలను విద్యావంతుడైన మిత్రుడు, బేడీ కథను వైద్యుడు చెబుతారు. అనంతమూర్తి ప్రథమపురుష కథనం ఎక్కువభాగం పండితుడి చైతన్యానికి దగ్గరగా ఉంటుంది. భాగు, అహ్మద్ బ్యారీ, చంద్రి, పేరులేని తోలు పనివారు శవాన్ని మోశారు, రోగిని పట్టుకున్నారు, కానీ కథను చెప్పలేదు. బేడీ ఒక్కడే ఈ లోటును కథావస్తువుగా మార్చాడు. మిగిలిన ముగ్గురిలో అది రచనల అంచులలో కనిపిస్తుంది. ఇది ఆ రచనల విలువను తగ్గించే ఆరోపణ కాదు. తమ కాలపు నిషేధాలను ఎదిరించిన రచనలలో సైతం స్పర్శకు, స్వరానికి మధ్య ఎంత దూరం మిగిలిందో చెప్పే పరిశీలన.

2020లో కోవిడ్ వచ్చినప్పుడు 1897 నాటి చట్టమే మళ్లీ అమలులోకి వచ్చింది. ‘సామాజిక దూరం’ అనే మాట తెలుగు పత్రికల్లో, ప్రకటనల్లో స్థిరపడింది. ‘భౌతిక దూరం’ అనాలన్న సూచనలు తరువాత వచ్చాయి. సామాజిక దూరాన్ని శతాబ్దాలుగా శిక్షగా అనుభవించిన వర్గాలున్న సమాజంలో ఆ మాట అంత తేలికగా చలామణీ కావడం ఈ వ్యాసంలో చర్చించిన సమస్యకు కొనసాగింపే. శ్మశానాలలో, ఆసుపత్రుల పారిశుద్ధ్య పనులలో ఎవరి చేతులు ఉన్నాయన్న ప్రశ్న భాగు కాలం నాటిదే.

8. ముగింపు

పై పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

1. భారతీయ కథనాలలో మహమ్మారి కొత్త దూరాలను సృష్టించడంకన్నా ముందే ఉన్న దూరాలను బహిర్గతం చేయడమే ఎక్కువగా కనిపిస్తుంది.

2. కలరా, ప్లేగులకు చర్మస్పర్శ ప్రధాన వ్యాప్తిమార్గం కాకపోయినా ఈ రచనల్లోని సమాజాలు స్పర్శ చుట్టూనే భయాన్ని నిర్మించుకున్నాయి. రోగభయం వెనుక మైలభయం పనిచేసింది.

3. తాకినవారికి, కథ చెప్పినవారికి మధ్య వర్గ, కుల భేదం నాలుగు రచనల్లోనూ ఉంది. ‘క్వారంటీన్’ దాన్ని స్పృహతో వస్తువుగా మార్చుకుంది.

4. త్యాగం, సేవ అనే విమర్శపదాలను మహమ్మారి సాహిత్యానికి అన్వయించేటప్పుడు నిరాకరించే స్వేచ్ఛ ఎవరికుంది అన్న ప్రశ్నను జోడించడం అవసరం.

తెలుగులో మహమ్మారుల సాహిత్యంపై పరిశోధన చేసేవారు ముద్రిత కథ, నవలలకే పరిమితమైతే ఈ దూరమే పునరావృతమవుతుంది. గ్రామదేవతల కథాగానాలు, కాటికాపరుల, పారిశుద్ధ్య కార్మికుల మౌఖిక జ్ఞాపకాలు, దళిత ఆత్మకథలు ఈ అధ్యయనానికి ఆకరాలు కావాలి. గత్తర నాటి శవాలను మోసినవారి మాటలు వారి కుటుంబాల జ్ఞాపకాలలో మిగిలి ఉన్నచోట, వాటిని సేకరించడం ఇప్పటి పరిశోధకులు చేయగల పని.